నేల తాకని చెప్పులు

మా దీవుల్లో సాయంత్రం తొందరపడి వచ్చేస్తుంది. మధ్యాహ్నం టీ గ్లాసు కడిగి బోర్లించేలోపే వెలుగు పలచబడి, ఓడరేవు నీళ్ళమీద తోమిన ఇత్తడి రంగు పరుచుకుంటుంది. ఆ రంగుకు అవతల హోప్ టౌన్. ఉన్నట్టూ ఉంటుంది, ఎవరో కలలో చెప్పిన ఊరిలాగానూ ఉంటుంది. నా జీవితంలో నేను ఆడిన అతి పెద్ద బేరం ఆ ఒడ్డునే జరిగింది. ఒక జత చెప్పులిచ్చి ఒక మనిషి పాదం దక్కించుకోవాలని చూశాను.

నేను పుట్టి పెరిగింది పోర్ట్ బ్లెయిర్ అబర్డీన్ బజార్‌లో, దుకాణాల మధ్య. మా నాన్న కుర్రతనంలో శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కి వచ్చి, కొన్నాళ్ళు తలమీద బుట్టతో తిరిగి అమ్మి, ఆ తరవాత బజారు మలుపులో చిన్న దుకాణం పెట్టాడు. జాలరులకు కావలసినవన్నీ అందులో ఉండేవి. గాలాలు, నైలాను తాళ్ళు, బకెట్లు, బియ్యం, ఉప్పు. హవాయి చెప్పులు జతలు జతలుగా తాడుకు గుచ్చి దూలానికి వేలాడదీసేవాడు. వానాకాలంలో, అంటే మా దగ్గర ఏడాదిలో ఎక్కువ భాగం, బడి నుంచి రాగానే బియ్యం బస్తాలమీద వెల్లకిలా పడుకునేదాన్ని. రేకుల మీద వాన చప్పుడుకు ఆ చెప్పులు మెల్లగా అటూ ఇటూ తిరిగేవి. కనిపించని మనుషులెవరో నా నెత్తిమీద గాలిలో నిలబడి, ఎక్కడికి వెళ్ళాలో తోచక ఆగిపోయినట్టు అనిపించేది. లక్ష్మీదేవి పటం ముందు వెలిగించిన అగరొత్తి పొగ వాళ్ళ కాళ్ళ చుట్టూ ఓసారి తిరిగి, రేకుల సందులోంచి బయటికి పోయేది. అలా చూస్తూ చూస్తూనే నిద్రపోయేదాన్ని.

బేరం నాకు అక్షరాలకన్నా ముందు వచ్చింది. మా దుకాణంలో బేరం తెలుగులో మొదలై, మధ్యలో హిందీలోకి జారి, నవ్వులో ముగిసేది. నాన్న ధర చెప్పడానికి ఎప్పుడూ తొందరపడేవాడు కాదు. వచ్చినవాణ్ణి బల్లమీద కూచోబెట్టి, వాడి పడవ గురించి, ఇంట్లో జ్వరాల గురించి అడిగి, వాడికి ఏం కావాలో వాడి నోటే పూర్తిగా చెప్పించి, అప్పుడు తను నోరు విప్పేవాడు. నాకంత ఓపిక లేదు. మనిషి గడపలో ఉండగానే సరుకు అతని చేతిలో పెట్టేసే రకం నేను.

ఇలాంటి పిల్ల డాక్టరైతే ఏం చేస్తుంది? రోగులతో బేరమాడుతుంది.

"మూడు పూటలా అన్నమేనా? ఒక పూట మానెయ్యి మామ్మా."

"ఓలమ్మ, పూట మానీమంటే ఎలాగ తల్లీ? ఓ ముద్ద తగ్గిత్తాను."

"రెండు ముద్దలు."

"నీ మాటా వొద్దు, నా మాటా వొద్దు. ముద్దన్నర. బస్, కతం."

గెలిచానని మురిసిపోయేదాన్ని. తరవాత వాళ్ళ కోడలు వచ్చి చెప్పేది: ముద్దలు తగ్గినమాట నిజమే, ముద్ద మాత్రం పెద్దదైందని.

మా ఊరి ఆసుపత్రిలో డాక్టర్లకు పోస్ట్‌గ్రాడ్యుయేట్ శిక్షణ మొదలుపెట్టిన కొత్తలో నేను అందులో చేరాను. మాకు పాఠాలు చెప్పే పెద్ద డాక్టరుగారు మెయిన్‌లాండ్ నుంచి వచ్చినాయన. సన్నగా, మెల్లగా మాట్లాడే మనిషి. మాట్లాడుతూ మాట్లాడుతూ కిటికీలోంచి సముద్రంకేసి చూసి, మధ్యలో ఆగిపోయేవారు. మేం నోట్సు రాసుకోవడానికి ఆగారనుకునేవాళ్ళం. ఆయన ఓడలు చూస్తున్నారని తరవాత తెలిసింది.

శనివారం మధ్యాహ్నాలు ఆయన ఒక వింత క్లాసు పెట్టేవారు. పీజీ డాక్టర్లు, వార్డు సిస్టర్లు, రోగులకు తిండి సంగతులు చెప్పే అమ్మాయి, అందరం ఒకే గదిలో కూచోవాలి. ఒకరు డాక్టరు వేషం, ఇంకొకరు రోగి వేషం. జబ్బు గురించి రోగికి చెప్పాలి. "మందు రాయడం మీకు వచ్చు. రోగికి చెప్పడం కూడా వైద్యమే. అది రాకపోతే సగం చదువే వచ్చినట్టు" అనేవారు. "అర్థమైందా" అన్న మాటను ఆ గదిలో నిషేధించారు. ఆ ప్రశ్నకు ఈ భూమ్మీద ఎవరైనా "అయింది" అనే అంటారట, అడిగేవాడు నోరు మూసుకుంటాడని. దానికి బదులు, ఇంటికెళ్ళి ఏం చేస్తారో మీ మాటల్లో చెప్పండి, వీలైతే చేసి చూపించండి అనాలి.

ఆ నాటకాల్లో నాకు ఎదురుండేది కాదు. ఓసారి ఇన్సులిన్ సూది గురించి చెప్తుంటే రోగి వేషం వేసిన సిస్టర్, "ఇవాళే పొడవండి మేడమ్" అని చెయ్యి చాపేసింది. గదంతా నవ్వింది. పెద్ద డాక్టరుగారు నవ్వలేదు. "బాగా అమ్మావు. ఆవిడ ఏం కొనుక్కుని వెళ్తుందో అడిగావా?" అన్నారు. ఆ మాట నాకు ఎక్కలేదు. సరుకు అమ్ముడుపోయింది కదా, ఇంకా అడగడం దేనికి అనుకున్నాను.

హోప్ టౌన్ జాలరి మా వార్డుకు వచ్చింది ఆ రోజుల్లోనే. అప్పటికి జుట్టు నెరిసిన మనిషి. సొంత డుంగీ ఉంది. ఇంజను బిగించిన చిన్న పడవను మా దీవుల్లో అలా అంటారు. చక్కెర జబ్బు అతని అరికాళ్ళలో స్పర్శను తినేసింది. మేకు గుచ్చుకున్నా, నిప్పు తగిలినా తెలియదు. బొటనవేలి కింద పుండు పడి, మాని, మళ్ళీ పడి, మూడోసారి వార్డుకు వచ్చాడు. నన్ను చూడగానే మంచంమీద లేచి కూచునేవాడు. మా నాన్న దగ్గర గాలాలు కొన్న చేతులవి.

"మన దుకాణం పాపే! నీ సేతిలో పడ్డాను, ఇంక నాకు బయం నేదు."

ఆ మాటకు గర్వపడాలో భయపడాలో తెలియలేదు. ఎందుకంటే ఆపరేషన్లు చేసే డాక్టరు అతని కాలు చూసి నన్ను పక్కకు తీసికెళ్ళి చెప్పినదే అతనికీ చెప్పాడు: "ఈసారికి మానుతుంది. ఇంకోసారి పుండు పడితే పాదం ముందు భాగం తీసెయ్యక తప్పదు."

అతను కాసేపు కాలివేళ్ళకేసి చూసుకున్నాడు. "నావ ఊగేటప్పుడు మనిసిని నిలబెట్టేది ఈ ఏళ్ళే కదా పాపా" అన్నాడు. "ఇవి పోతే ఒడ్డున కూకొని వలలు బాగుసేసుకోవాల. నాకు సూదిలో దారమే కనబడదు." నవ్వబోయాడు, నవ్వు సగంలోనే ఆగింది.

మాకు అంతుపట్టనిది ఒకటే. ఇలాంటి కాళ్ళకని ఆసుపత్రిలో మెత్తటి రబ్బరు అడుగుతో చెప్పులిస్తారు. అతనికీ ఇచ్చాం. ఏం చేస్తున్నావో చెప్పమంటే పాఠంలా అప్పజెప్పేవాడు: పొద్దున్న లేవగానే వేసుకుంటాను, ఇంట్లో కూడా వేసుకుంటాను, పడుకునేటప్పుడే విప్పుతాను. చెప్పులు తిరగేసి చూస్తే అడుగు అతని పాదం ఆకారంలో చక్కగా అరిగి ఉంది. వేసుకోని చెప్పు అలా అరగదు, అది దుకాణం పిల్లకు ఎవరూ చెప్పక్కర్లేదు. కానీ ఈసారి పుండు కడుగుతున్న సిస్టర్ చిమటాతో ఏదో పట్టి లాగి, దూది మీద పెట్టి నాకు చూపించింది.

"మేడమ్, జెల్ల చేప ముల్లు."

అంత మందం రబ్బరు దాటుకుని చేప ముల్లు ఎలా వచ్చింది? "అబద్ధాలాడుతున్నాడు, ఇంకేముంది" అన్నారు వార్డులో. శనివారం క్లాసులో ఈ సంగతి చెప్పాను. పెద్ద డాక్టరుగారు సముద్రంకేసి చూసి, చూసి, "చెప్పు అరిగిందన్నది నిజం. ముల్లు దిగిందన్నదీ నిజం. ఆయన కూడా నిజమే చెప్తున్నాడనుకో. మనం అడగని చోటు ఏదో ఉంది. వెళ్ళి చూడు" అన్నారు.

పుండు మానడానికి చాలా వారాలు పట్టింది. ఇంటికి పంపేశాక ఒక ఆదివారం ఫెర్రీ ఎక్కాను. వాన వెలిసి, నీళ్ళు పాలిచ్చిన గేదెలా మందకొడిగా కదులుతున్నాయి. ఫెర్రీ ఇంజను కింద ఎక్కడో గురక పెడుతోంది. నా పక్కన కూచున్న ముసలాయన, అతని ఒళ్ళో కోడి, ఇద్దరూ ఒకేలా తూగుతున్నారు. నేనూ తూగాననుకుంటాను. హోప్ టౌన్ ఒడ్డు ఎప్పుడు వచ్చిందో తెలియలేదు.

మా జాలరి జెట్టీ మెట్ల దగ్గరే కనబడ్డాడు. పడవ మెట్టుకు ఆనించి ఉంది. అతను మెత్తటి చెప్పులు విప్పి, ముక్కులు ఊరివైపు ఉండేలా రెండూ పక్కపక్కన జాగ్రత్తగా పెట్టి, పడవను తాకి కళ్ళకద్దుకుని, ఒట్టి కాళ్ళతో లోపలికి దిగాడు. లోపల తడి తాడు, గాలాల డబ్బా, ఎండిన చేప ముళ్ళు, మసిబారిన ఇంజను. వాటి మధ్య ఏమీ తెలియని ఆ రెండు పాదాలు.

"బాబాయ్! చెప్పులు విప్పేశావేంటి?"

"నావెక్కుతున్నాను కదమ్మా."

"ఎక్కితే?"

అన్నం తినేటప్పుడు నోరెందుకు తెరుస్తావని అడిగినట్టు చూశాడు. "నావలోకి సెప్పులేటి పాపా?"

ఊళ్ళో ఎవరూ అతనికి అది చెప్పి ఉండరు. ఎవరూ చెప్పక్కర్లేకుండా తెలిసే సంగతి అది. నావ గంగమ్మ తల్లి కూచునే చోటు. ముక్కుకు పసుపు, కుంకుమ. గుళ్ళోకి చెప్పులతో ఎవరు వెళ్తారు? వెళ్ళకపోవడాన్ని ఎవరైనా డాక్టరుకు చెప్పుకుంటారా? పొద్దుటి నుంచి రాత్రి దాకా ఏం చేస్తావని మేం అడిగితే, అతను ఒడ్డుమీది రోజంతా చెప్పాడు. నేను వాళ్ళకు గాలాలమ్మాను, తాళ్ళమ్మాను. ఒక్కనాడూ వాళ్ళ పడవలో కాలు పెట్టలేదు.

వెంటనే బేరంలోకి దిగాను. నా అలవాటు అది. కాలు పోతుందన్నాను, గంగమ్మ అర్థం చేసుకుంటుందన్నాను, లోపల మాత్రం వేసుకుని దేవుడికి దణ్ణం పెట్టుకోమన్నాను. వెనక నుంచి అతని భార్య వచ్చింది. చేపల తట్ట నడుముకు ఆనించుకుని, నా మాటలన్నీ అయ్యేదాకా ఆగి, అంది:

"గంగమ్మ సెప్పులొద్దంటాది, డాక్టర్ దీదీ ఏసుకోమంటాది. బాగుంది. నడిసముద్రంలో నావ తిరగబడితే ఎత్తేది ఆయమ్మా, నువ్వా?"

"నేను కాదనుకో పిన్నీ..."

"మరింక?" తట్ట సర్దుకుంది. "కాలు పోతాదని నాకూ బయమే. నావ పోతే కాలొక్కటీ ఏటి సేసుకుంటాడు?"

తిరుగు ఫెర్రీలో ఓడిపోయిన బేరగత్తెలా కూచున్నాను.

ఇంటికి వెళ్ళాలనిపించక తిన్నగా దుకాణానికి వెళ్ళాను. వాన మళ్ళీ అందుకుంది. చిన్నప్పటిలా బస్తాలమీద వాలిపోయాను.

"డాక్టరువి, బస్తాల మీద పడుకుంటావేంటే? గిరాకీలు చూస్తే ఏమనుకుంటారు?" అన్నాడు నాన్న.

"బియ్యం మంచివనుకుంటారు."

పైన చెప్పులు మెల్లగా తిరుగుతున్నాయి. అగరొత్తి పొగ వాటి మధ్యలోంచి పోతోంది. ఆ గాలి మనుషులు ఇన్నేళ్ళయినా ఎక్కడికీ వెళ్ళలేదు. గడప బయట మాత్రం, వానలో తడుస్తూ, నా చెప్పులూ ఇంకెవరివో చెప్పులూ పడి ఉన్నాయి. మా నాన్న దుకాణంలోకి చెప్పులతో వస్తే కలెక్టరునైనా ఆపేసేవాడు.

"నాన్నా, బయటి చెప్పుల్ని గడప దాటనివ్వవు. ఇవేమో లక్ష్మీదేవి నెత్తిమీద వేలాడుతున్నాయి. తప్పు కాదా?"

నాన్న తల కూడా ఎత్తలేదు. "అవింకా నేల తాకలేదు కదే" అన్నాడు.

లేచి కూచున్నాను. ఫెర్రీ ఆ పూటకు లేకపోబట్టి గానీ, ఉంటే అప్పుడే పరిగెత్తేదాన్ని.

శనివారం క్లాసులో ఈ సంగతి ఊపుగా చెప్పాను. పెద్ద డాక్టరుగారు, "సరే, ఆడి చూపించు" అన్నారు. ముల్లు తీసిన సిస్టరే జాలరి భార్య అయింది. నేను దుకాణం చెప్పుల కథంతా విప్పి చెప్పాను. సిస్టర్ చేతులు కట్టుకుని, "అవి అమ్మకానికి వేలాడే చెప్పులు. కాలికి తొడిగాక అవీ చెప్పులే" అంది. నా ఊపు అక్కడే దిగిపోయింది. మళ్ళీ ఏదో మొదలెట్టబోతే పెద్ద డాక్టరుగారు చెయ్యెత్తి ఆపారు.

"నువ్వు జవాబు మూటగట్టుకుని వెళ్తున్నావు. ఖాళీ చేతుల్తో వెళ్ళు."

ఖాళీ చేతులతో బేరానికి వెళ్ళడమేమిటి? అయినా వెళ్ళాను. ఆ రోజు జాలరి భార్య ఇంటిముందు వల పరిచి చిక్కులు తీస్తోంది. నేనూ ఒక కొస పట్టుకుని కూచున్నాను. నోరు నొక్కుకుని కూచోవడం నాకు ఎంత కష్టమో మా ఇంట్లోవాళ్ళకే తెలుసు. నాన్న బల్లమీది గిరాకీలను తలుచుకుని, వాన గురించి అడిగాను. పెళ్ళయిన కొత్తలో ఆవిడ ఓడలో ఎలా వచ్చిందో అడిగాను. వల ముళ్ళు ఒకటొకటే విడుతున్నాయి. కొండ మీద మబ్బు దిగి, మళ్ళీ లేచింది. చాలాసేపటికి ఆవిడే ఆసుపత్రి సంగతి ఎత్తింది.

"ఆ రోజు ఆయన కాలి పుండు కోసినారు సూడు, ఆ చిన్న ఆపరేసన్ గదికాడ నేను దర్వాజాలో నిలబడి సూసినాను. ఒక్కొక్కరే బయట సెప్పులిడిసి లోపలికెల్తన్నారు. గుడే అనుకున్నాను. తీరా సూత్తే లోపలేవో ఏరే సెప్పులు, ఆకుపచ్చవి, అవి తొడుక్కుంటన్నారు."

"అవును పిన్నీ."

"అవి బయటికి తేరా?"

"తేరు. తెస్తే సిస్టర్ చంపేస్తుంది."

ఆవిడ చేతులు వలలో ఆగాయి. నా నాలుక చివర మాటలు కిక్కిరిసి నిలబడ్డాయి, మా బజారు బస్సులో జనంలాగ. ఒక్కదాన్నీ దిగనివ్వలేదు.

"అంటే ఆ గదికి దాని సెప్పులు దానికున్నాయి" అంది ఆవిడ, తనలో తను. ఇంకో ముడి విప్పి, "నావకి దాని సెప్పులు దానికుంటే..." అని నాకేసి అనుమానంగా చూసింది. "నువ్వు ఈ మాట కోసమే కూకున్నావేటి?"

"నేనేమన్నాను పిన్నీ? వల చిక్కు తీస్తున్నాను."

"దుకాణం బుద్ది!" అని నవ్వేసింది. అక్కడినుంచి అసలు బేరం మొదలైంది.

"ఆ సెప్పులు నేల తాకకూడదు."

"తాకవు. నేనే చేతుల్లో తెస్తాను."

"ఎవల కాలూ అందులో దూరకూడదు. ఆయన కాలు కూడా. నావలోనే ముందుగాల తొడగాల."

ఇక్కడ నేను ఆగాను. స్పర్శ లేని కాలికి చెప్పు కొలత తప్పితే ఆ చెప్పే పుండు చేస్తుంది. "తొడిగి చూడకుండా ఎలా పిన్నీ? పట్టీ కరిస్తే బాబాయికి తెలీదు."

"అది నీ పని. నీ సదువెందుకు మరి?"

"సరే. అయితే నా మాట కూడా ఒకటుంది. మొదటిరోజు నేను పడవలో ఉంటాను. కాసేపు తిరిగి, చెప్పులు విప్పి కాళ్ళు చూస్తాను. ఎర్రబడితే పట్టీ సరిచేసేదాకా వేటకు వెళ్ళకూడదు."

"ఆడకూతుర్ని నావెక్కించుకుంటే మావోల్లు..."

"డాక్టర్ని."

"డాక్టర్నే. అచ్ఛా. ఇంకేటి?"

"రోజూ సాయంత్రం నువ్వు అద్దం పట్టాలి. బాబాయ్ తన అరికాళ్ళు తనే చూసుకోవాలి."

"ఆయనకి దగ్గర సూపు నేదు."

"ఆయనకు వేళ్ళతో తడిమి చూడ్డం వచ్చు. నీకు చూపుంది."

"నా ముకం సూసుకోడానికే అద్దం దొరకదు, ఇప్పుడు ఈయన కాళ్ళకొకటి" అంది ఆవిడ. అది మా బజారు భాషలో బేరం తెగినట్టే.

పాత వార్తాపత్రిక మీద అతన్ని నిలబెట్టి, పెన్సిలుతో పాదాల చుట్టూ గీత గీశాను. దూర దీవుల నుంచి జనం ఇలాగే కాగితం మీద పాదం గీసి మా దుకాణానికి పంపేవారు. ఆ కాగితం చూసి నాన్న, బొటనవేలి దగ్గర గీత లోపలికి వంకర తిరిగిన చోట వేలు పెట్టి, "ఇక్కడేనా?" అన్నాడు. ఆసుపత్రి రబ్బరు తెప్పించి, మడమకు పట్టీ పెట్టించి, నీళ్ళలో జారకుండా అడుగున గాట్లు కోయించాడు. పని జరిగినన్నాళ్ళూ ఆ జతను కూడా దూలానికే వేలాడదీశాడు, మిగతా గాలి మనుషుల పక్కన.

కొత్త తువ్వాలులో చుట్టి, ఒళ్ళో పెట్టుకుని ఫెర్రీలో కూచుంటే, పక్కావిడ "ప్రసాదమా దీదీ?" అని అడిగింది.

"అలాంటిదే" అన్నాను.

ఆ రోజు జెట్టీ దగ్గర నా చెప్పులు విప్పి, అతనివి పెట్టినట్టే ముక్కులు ఊరివైపు తిప్పి పెట్టి, మొదటిసారి వాళ్ళ పడవలోకి దిగాను. అరికాళ్ళ కింద చెక్క వెచ్చగా, తడిగా, బతికున్నదాని వీపులా ఉంది. డాక్టరు ఎక్కితే లేని తప్పు తనెక్కితే ఏమిటని నా వెనకే దిగిన జాలరి భార్య నావ ముక్కుకు పసుపు రాసి, అదే చేత్తో చెప్పుల పట్టీలకు కూడా రెండు బొట్లు పెట్టింది. అతను కూచుని, చిన్నపిల్లాడిలా కాళ్ళు ముందుకు చాపాడు. ఆవిడే తొడిగింది. ముఖం పక్కకు తిప్పుకుని తొడిగింది, సిగ్గేమో, భయమేమో.

ఓడరేవు మధ్యదాకా వెళ్ళాం. ఇంజను ఆపేశాక లోకంలో చప్పుడంతా ఆగిపోయింది. నీళ్ళు పడవ పక్కలను తడుతున్నాయి, అంతే. ఎండ మబ్బులోంచి వడగట్టినట్టు పడుతోంది. ఒకవైపు పోర్ట్ బ్లెయిర్ ఇళ్ళు, ఇంకోవైపు కొండ, రెండూ నీళ్ళలో తలకిందులుగా వణుకుతున్నాయి. ఏది పైనుందో ఏది కిందుందో కాసేపు తెలియలేదు. అతను ఇటునుంచి అటు నడిచాడు, తాడు లాగాడు, వంగాడు, లేచాడు. గంగమ్మ ఏమీ అనలేదు. అతని భార్య మాత్రం నీళ్ళకేసి చూస్తూ పెదాలు కదుపుతూనే ఉంది.

"ఇక విప్పు బాబాయ్."

కుడి పాదం బాగుంది. ఎడమ పాదం చిటికెనవేలి పక్కన, పట్టీ ఆనిన చోట, ఎర్రటి మచ్చ. పుండుపడింది కుడి కాలని దానిమీదే కన్నేశాను, ఎడమ కాలు చప్పుడు చెయ్యకుండా కరిపించుకుంటోంది.

"ఇక్కడ నొప్పి ఉందా?"

"నేదు."

"మంట?"

"ఏటీ నేదు పాపా."

నేను పాఠం చెప్పలేదు. అతని చూపుడువేలు పట్టుకుని ఆ మచ్చమీద పెట్టాను. వెచ్చగా ఉండాలది. వేలు అక్కడే ఉంచి, పక్కన చర్మం మీద పెట్టి, మళ్ళీ అక్కడ పెట్టాడు. భార్య చేతిలో అద్దం లాక్కుని, దూరంగా పట్టుకుని, కళ్ళు చికిలించి చూశాడు.

"ఎర్రగున్నాదే" అన్నాడు. "కాలిపోతంది. నాకు తెల్నేదు." ఆ పాదాన్ని రెండు చేతులతో పట్టుకుని, పక్కింటివాళ్ళ పిల్లను చూసినట్టు చూశాడు. "నా కాలు నాతో సెప్పడం మానేసింది, నిజంగానే."

మూడుసార్లు వార్డులో పడుకున్న మనిషి. నేనూ సిస్టర్లూ ఎన్నిసార్లో ఇదే సంగతి చెప్పాం, అతనూ ఎన్నిసార్లో తిరిగి అప్పజెప్పాడు. అది అతనిదయింది ఆ నడినీళ్ళలో, తన వేలు తన కాలికి తగిలినప్పుడు. ఆ తరవాత ఇక నేను అద్దం గురించి గుర్తుచెయ్యాల్సిన పని పడలేదు. పట్టీ వదులు చేసేదాకా వేటకు వెళ్ళనని అతనే అన్నాడు. భార్య, "సూసినావా, నా సెయ్యి తొడిగితే కరిసింది. రేపట్నించి నువ్వే తొడుక్కో" అని ముక్కు చీదింది.

వాన వెళ్ళింది, మళ్ళీ వచ్చింది. మేం చెప్పిన రోజుకు అతను ఆసుపత్రికి వచ్చి కాళ్ళు చూపించి వెళ్ళేవాడు. శనివారం క్లాసుకు ఓసారి పిలిస్తే, వాళ్ళావిడ అద్దం కూడా తెచ్చి, కొత్తగా చేరిన పీజీ కుర్రాడి బూట్లు విప్పించి, అరికాళ్ళు ఎలా చూసుకోవాలో నేర్పింది. ఆ కుర్రాడికి చెమటలు పట్టాయి. జాలరి బొటనవేలి కింద పాత పుండు మచ్చ మాత్రం తెల్లటి నాణెంలా మిగిలింది. దాని చుట్టూ చర్మం గట్టిగా నిలబడింది.

నా శిక్షణ పూర్తి కావస్తున్న రోజుల్లో, ఒక సాయంత్రం పెద్ద డాక్టరుగారు తనంతట తనే, "ఆ పడవ చూడాలని ఉంది" అన్నారు. ఇద్దరం ఫెర్రీలో వెళ్ళాం. ఆయన దారంతా నీళ్ళకేసి చూస్తూ కూచున్నారు. ఈసారి కిటికీ లేదు, సముద్రమే ఉంది.

జెట్టీ చేరేసరికి నీళ్ళమీద ఇత్తడి రంగు పరుచుకుంటోంది. డుంగీ నెమ్మదిగా వచ్చి మెట్టుకు ఆనుకుంది. అతను అంచుమీద కూచుని, లోపలి చెప్పులు విప్పి, నావ ముక్కు కింద కొట్టిన మేకుకు తగిలించాడు. మెట్టుమీద అతని భార్య వంగి ఒడ్డు చెప్పులు సిద్ధంగా పెట్టింది. మమ్మల్ని చూసి, "ఈయన గారికి రెండిళ్ళ కాపరం అయిపోయింది దీదీ, ఇక్కడొక జత, అక్కడొక జత" అంది. అతను నవ్వుతూ అంచుమీదే ఇటు తిరిగాడు. ఒక జత విడిచి ఇంకో జతలోకి వెళ్ళే ముందు, అతని రెండు పాదాలు అటు నావకూ ఇటు నేలకూ తగలకుండా గాలిలో ఆగాయి. పసుపురంగు వెలుగు అరికాళ్ళమీద పడింది. పదివేళ్ళూ ఉన్నాయి. చర్మం ఎక్కడా చిట్లలేదు.

అలవాటుకొద్దీ అతను వాటిని కాసేపు అలాగే పట్టి ఉంచాడు, మేమిద్దరం బాగా చూసేదాకా. తరవాత చెప్పుల్లోకి దింపాడు.